మేస్త్రి గుంత

మేస్త్రి పోయాడని పోయిన వారం పత్రికాఫీసుకు వచ్చిన ఒక ఝరాసంగం రైతు చెప్పాడు. ఏ మేస్త్రి అని నేను అడగలేదు. జహీరాబాద్‌లో తాపీ మేస్త్రులున్నారు, వడ్రంగి మేస్త్రులున్నారు, బట్టలు కుట్టేవాళ్లను కూడా మేస్త్రి అనే పిలుస్తారు. అయినా ముందూ వెనకా ఏ మాటా చేర్చకుండా మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల ఒక్కడే. బొంబాయి రోడ్డు మీద పనిచేసే గ్యాంగుకు పెద్ద. కూలీల హాజరు రాసే మస్టరు పుస్తకంలో ఆయనకొక పేరుండేది. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు కనుక ఇక్కడ కూడా రాయడం లేదు.

ఆయన అనగానే నాకు మొదట గుర్తొచ్చేవి చెప్పులు. పాత లారీ టైరు కోసి కుట్టించుకున్నవి. ఒక ముక్క రోడ్డు పూర్తయిందని ఆడవాళ్లు తట్టలు దించగానే ఆ చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. మే నెల ఎండలోనైనా సరే, ఉత్త కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచేవాడు. ఆ నడక అయ్యేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు. మధ్యలో ఎక్కడైనా ఆగి చెప్పులు తొడుక్కున్నాడంటే అక్కడ పని కుదరలేదన్నమాట. నోటితో ఏమీ అనడు. ఆ ముక్క ఎవరిదైతే ఆ మనిషి లేచి వెళ్లి, కంకర పెకలించి, మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంటూ వచ్చేది. చెప్పులు చివరిదాకా చేతిలోనే ఉంటే మాత్రం ఒక్క మాట అనేవాడు.

"నడువొచ్చు."

అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర ఎవరికీ దొరకలేదు. దాని కోసమే ఆ గ్యాంగులో ఆడవాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడేవాళ్లు.

అప్పట్లో నేను హైదరాబాదు దినపత్రిక ఒకదానికి జహీరాబాద్ విలేకరిని. పత్రిక కట్ట దించుకుని పంచే పని కూడా నాదే. కట్ట మొదటి బస్సులో వచ్చేది. బస్సు రావాలంటే రోడ్డుండాలి. ఊరికి తూర్పున, వాగు దాటాక ఒక ఏటవాలుంది. కింద నల్లరేగడి, పైన ఎర్రమొరం. ఏటేటా మొదటి పెద్దవానకు రోడ్డు అక్కడ కోసుకుపోయేది. అందుకని వాన మబ్బు కనిపిస్తే రైతు పొలం దిక్కు చూసినట్టు నేను ఆ ఏటవాలు దిక్కు చూసేవాణ్ణి. సైకిలు మీద వెళ్లి, గ్యాంగు ఎంతవరకు వచ్చిందో చూసి, మేస్త్రితో నాలుగు మాటలు మాట్లాడి రావడం అలవాటైంది.

నేను చూసిన తక్కిన గ్యాంగుల్లో పని అరుపుల మీద నడిచేది. మేస్త్రి కేక వేస్తే తట్ట కదిలేది, కేక ఆగితే తట్ట ఆగేది. ఈయన గ్యాంగులో కేకలు లేవు. దానికి బదులు రెండు పద్ధతులుండేవి. రెండూ ఆయన పుట్టించినవే.

మొదటిది, ముక్కకు మనిషి పేరు పెట్టడం. గ్యాంగులో ఎవరు ఎక్కడ రాయి పేర్చారో ఆ చోటు వాళ్ల పేరుతోనే పిలవాలి. ఫర్లాంగు రాయి మీద అంకె ఏదైనా ఉండనీ, ఆయనకు మాత్రం అది మాణెమ్మ ముక్క, ఇది సాయమ్మ ముక్క. లారీ డ్రైవర్లకు కూడా అలాగే చెప్పేవాడు. కొన్నాళ్లకు వాళ్ల నోట కూడా అవే పేర్లు పడ్డాయి.

రెండోది, చెంబు. ముక్క పూర్తయిన రోజు వచ్చే లారీని చెయ్యెత్తి ఆపేవాడు.

"మేస్త్రీ, బ్రేకు కొడితే డీజిల్ నీ తాత పోస్తడా?" అని డ్రైవరు కసురుకునేవాడు.

"మా తాతకంత ఉంటె నీ లారీ ఎక్కుడెందుకు, నేనే ఒకటి కొనకపోదునా. జర ఆగు భాయ్, ఆడమనిషిని ఎక్కియ్యాలె."

ఆ ముక్క వేసిన మనిషి, ఇత్తడి చెంబులో మెడదాకా నీళ్లు నింపుకుని డ్రైవరు పక్కన కూర్చోవాలి. లారీ ఆ ముక్క మీదుగా పోయి ఆగుతుంది. మేస్త్రి వెనకాలే నడిచి వెళ్లి, చెంబులో వేళ్లు పెట్టి చూస్తాడు. వేలు తగ్గిందా, రెండు వేళ్లు తగ్గిందా. నీళ్లు ఒలికి ఒడి తడిస్తే రోడ్డు పక్కనున్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. "ఏమే మాణెమ్మా, పసిపిల్లనెత్తుకున్నవా ఏంది, సీరంత తడిసె!" ఒలకకపోతే ఆ చెంబులో నీళ్లు ముందు ఆమే తాగాలి, తర్వాతే తక్కినవాళ్లు.

ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను.

"సారూ, గీళ్లు పొద్దుగాల ఊరికెల్లి నడిచొస్తరు, పొద్దుమీకి నడిచే పోతరు. అదిగూడ పక్కపొంటి, మట్టిల. తారు కాలుతదని రోడ్డు ఎక్కరు. ఎన్నడు ఎక్కనోళ్లకు అది మంచిగుందో లేదో ఎట్ల ఎర్కయితది? ఎర్క లేని పని మీద పాణం ఎందుకు వెడ్తరు?"

రోడ్ల శాఖ ఓవర్సీరుకు ఈ పద్ధతులు నచ్చేవి కావు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. కాకపోతే లారీలో చెంబు పట్టుకుని కూర్చున్న కూలిమనిషిని చూస్తే ఆయనకు తల తిరిగేది.

"ఏమయ్యా మేస్త్రీ, వీళ్లను మరీ నెత్తికెక్కించుకుంటున్నావ్."

"తట్ట నెత్తికెత్తేది వాళ్లే గద సార్. మనం ఉత్త నెత్తితోనే ఉంటిమి."

ఒక ఏడాది, వేసవి చివర, వాగు దగ్గరి ఏటవాలు సాయమ్మ వంతుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఝరాసంగం దిక్కు పల్లె మనిషి. ఎక్కువ మాట్లాడదు. ఆమె రాయి పేరిస్తే సందులో చిటికెన వేలు దూరదని గ్యాంగులో అనుకునేవారు. ఆమె ఊరి ఆడవాళ్లు మరో ఏడుగురు ఆమె వెంటే వచ్చి ఆమె వెంటే పోయేవాళ్లు. రెండు రోజులుండాల్సిన రోలరు ఒక పూటే ఉండి వేరే పనికి వెళ్లిపోయింది. అయినా మొదలుపెట్టారు. మృగశిర కార్తె దగ్గరికొస్తోంది. ముక్క పూర్తయింది. మేస్త్రి చెప్పులు విప్పి చివరిదాకా నడిచాడు. చెంబు లారీ ఎక్కింది, చుక్క ఒలకలేదు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. సాయమ్మ నీళ్లు తాగి చెంబు పక్కామెకు ఇవ్వడం చూశాను.

మూడో రోజు అకాలవాన పడింది. తెల్లవారి హైదరాబాదు మార్కెట్‌కు అల్లం లోడుతో పోతున్న లారీ సరిగ్గా ఆ ముక్క మీద ఒక పక్కకు దిగబడింది. వెనక చక్రం ఇరుసుదాకా మునిగింది. అటు బస్సులు అటే, ఇటు లారీలు ఇటే నిలిచిపోయాయి. నా కట్ట మధ్యాహ్నం దాటాక వచ్చింది. నిలిచిపోయిన డ్రైవర్లు చెట్టు నీడన బీడీలు కాలుస్తూ, ఎవరి ముక్క ఇది అనుకున్నారు. వాళ్లకు పేర్లన్నీ తెలుసు కదా. సాయంత్రానికి బస్టాండు హోటల్లో కూడా ఆ చోటు పేరు 'సాయమ్మ గుంత'.

ఆ పేరు నా చెవిన పడింది. కట్ట ఆలస్యమైన చిరాకు ఒకటి, మాట తమాషాగా ఉందన్న సంబరం ఒకటి. 'సాయమ్మ గుంతలో చిక్కిన వాహనాలు' అని పది పంక్తుల వార్త రాసి పంపాను. అలాంటివి హైదరాబాదులో వార్తలు ఎంచే డెస్కుకు ఇష్టం. వెంటనే అచ్చు వేశారు.

వార్త వచ్చిన మూడో రోజు మేస్త్రి నా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప లోపల నిలబడ్డాడు. చేతిలో నాలుగు మడతల పేపరు.

"ఇది జర సదివి వినిపించు సారూ. హోటల్ల ఎవరో సదివిన్రంట. నాకు సగమే ఎర్కయింది."

చదివాను. పది పంక్తులు చదవడానికి అంతసేపు పడుతుందని అంతకుముందు నాకు తెలియదు. ఆయన తల వంచుకుని విన్నాడు.

"సాయమ్మ వస్తలేదు, రెండొద్దులాయె. అంగట్ల ఎవడో సదివి, మీ వదినె పేరు పేపర్ల వడ్డదిరా అని ఆమె మరిదితో నవ్విండంట. ఇంట్ల వాళ్లు పోవద్దన్నరు. ఆమెతోటి ఏడుగురు రాకపాయె."

నేను ఏదో చెప్పబోయాను. డ్రైవర్లంతా అదే అంటున్నారనీ, అందుకే రాశాననీ.

"డ్రైవర్లకు ఆమె పేరు ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

ఆయనే చెప్పాడు.

"నేనే. మంచిగున్నప్పుడు పేరు వెట్టిన. చెడితె ఆ పేరు ఏడ దాచాల్నో సోంచాయించలే." పేపరు తీసుకుని మడతలు పెడుతూ అన్నాడు. "ఇంకోటి విను సారూ. కింద మెత్తగున్నది మేస్త్రీ, రోలరు మల్ల వచ్చినంక ఏద్దామని ఆమె నాతోని అన్నది. నేనేమన్న? ఏం కాదు, ఎయ్యి, వానలొస్తున్నయన్న. పైకెల్లి నడిచిన. నా కాళ్లకు మీది రాయి తెలిసింది, కింది మన్ను తెల్వలే. చెంబు ఎక్కిచ్చింది ఉత్త లారీల. లోడు లారీల ఎక్కిస్తె ఆ పొద్దే తెలుస్తుండె. నడువొచ్చు అన్నది ఎవరు? ఆమె అన్నదా?"

"నన్నేం చెయ్యమంటావు?"

"రాసింది నువ్వే గద. మల్ల రాయి. గది సాయమ్మ గుంత కాదు, మేస్త్రి గుంత అని."

రాశాను. ఆయన ఎదురుగానే రాసి, చదివి వినిపించి, సాయంత్రం బస్సుకు పంపాను. అచ్చు కాలేదు. గుంత ఎవరిదైతే పాఠకుడికేమిటని డెస్కు నుంచి ఒక చీటీ వచ్చింది. ఆ మాట చెప్పడానికి సైకిలు మీద వాగు దాకా వెళ్లాను. కోపగిస్తాడనుకున్నాను. ఆయన చీటీ దిక్కు కూడా చూడలేదు.

"మీ పేపరు దినాం ఒక్కపారి వస్తది. నా లారీలు పొద్దంత వస్తయి. ఫికర్ చెయ్యకు."

మర్నాటి నుంచి ఆయన గుంత పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఒక పక్క నుంచి ఒక్కో బండినే వదలాలి కనుక ప్రతి లారీ, ప్రతి బస్సు ఆయన ముందు ఆగక తప్పదు. ఆగిన ప్రతి డ్రైవరుకూ ఒకటే మాట.

"ఈ గుంత నాది. మేస్త్రి గుంత అనాలె. ఇంకో పేరన్నోనికి తొవ్వ లేదు."

"ఎన్నెకరాలు మేస్త్రీ నీ జాగీరు?" అని ఒక డ్రైవరు నవ్వాడు.

"ఆరు గజాలు. లోతు గూడ నాదే. అను."

"ఏమని?"

"చెప్పిన గద. అంటెనే కర్ర లేస్తది."

డ్రైవరు అన్నాడు. క్లీనర్ అన్నాడు. వెనక బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, గుంపుగా కేకలేసి మరీ అన్నారు. కొందరు బూతులు జోడించి అన్నారు. ఆయనకు పట్టింపు లేదు, పేరు సరిగ్గా ఉంటే చాలు. మధ్యాహ్నం అన్నం కూడా కర్ర పట్టుకునే తిన్నాడు.

రెండో రోజుకు ఓవర్సీరు వచ్చాడు. గుంత తవ్వి ఉంది, మెత్తమన్ను తీసేశారు, పక్కన రాయి కుప్ప ఉంది, పేర్చేవాళ్లు లేరు. మిగిలిన ఆడవాళ్లు అవతల వేరే ముక్క మీద ఉన్నారు.

"వాళ్లను పిలిచి ఇక్కడ దించవయ్యా!"

"అది సాయమ్మ ముక్క సార్. ఇంకొకరు ముట్టరు."

"ఇప్పుడేగా నీ గుంత అని ఊరందరి చేతా అనిపిస్తున్నావు!"

"గుంత నాది. ముక్క ఆమెది."

ఓవర్సీరు నా వైపు చూశాడు, ఈ మనిషితో ఎలా వేగాలో చెప్పమన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "సోమవారం దాకా చూస్తాను. ఆలోపు కాకపోతే కాంట్రాక్టు మనుషుల్ని దించుతాను. మీ గ్యాంగు మొత్తం ఇంటికే. పైనుంచి నాకూ మాటలు పడుతున్నాయి."

"అయితది సార్. రోలరు పంపు. ఈపారి రోలరు రాంది రాయి వడది."

బెదిరించడానికి వచ్చిన మనిషి దగ్గరే రోలరు అడిగి పంపాడు. నాకు మాత్రం భయమేసింది. గ్యాంగులో ఉన్న ఇరవైమందికి వేసవిలో వేరే పని లేదు. సాయమ్మ ఇంటికి వెళ్లి ఒక్క మాట చెబితే పోతుంది కదా, నేనూ వస్తాను, క్షమించమంటాను అన్నాను.

"పోవద్దు సారూ. మనం పోయి బతిమిలాడితె, తప్పు ఆమెదే గని మేమే మాఫ్ చేసినమన్నట్టయితది. పేరు మారనీ. పేరు మారితె ఆమెనే వస్తది."

"రాకపోతే?"

"సోమారం దాక టైముంది గద." కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

శుక్రవారం నాటికి హోటల్లో పేరు మారిపోయింది. కొత్తగా వచ్చిన డ్రైవర్లు పాత పేరు విననే లేదు. శనివారం రోలరు వచ్చింది, అడిగినట్టే ఓవర్సీరు పంపాడు. పూటంతా తిరిగి అడుగు గట్టిపరిచింది. ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి మేస్త్రి కర్ర పక్కన పడేసి, గుంతలో ఒక్కడే కూర్చుని రాయి పేరుస్తున్నాడు. అంతవరకూ ఇంకొకరు ముట్టరన్నవాడు, తానే మొదలుపెట్టాడు. ఆశ వదులుకున్నాడేమో అనుకున్నాను.

అప్పుడు కనిపించారు, రోడ్డు పక్క మట్టిబాటలో తట్టలు చంకన పెట్టుకుని వస్తున్న ఎనిమిదిమంది. సాయమ్మ ముందు నడుస్తోంది. వచ్చి గుంత అంచున నిలబడింది.

"లారీవోడు ఒకడు అడిగిండు, మేస్త్రి గుంత కాడ పనికా అని. ఎవలనడిగి మార్చినవ్ పేరు?"

మేస్త్రి తలెత్తలేదు. "నా గుంతకు నేను వెట్టుకున్న."

"నా ముక్కల నీ గుంత ఎట్లుంటది?"

"ఉన్నది గద, కూసున్న గద."

"నీదైతె నువ్వే పూడ్చుకో మరి."

"గదే చేస్తున్న. జర గా రాయందియ్యి."

ఆమె రాయి అందించలేదు. ఆయన పేర్చిన వరుస వైపు చూసింది. చంకలో తట్ట కింద పడేసి గుంతలోకి దిగింది.

"గిట్లనా రాయి పేర్చేది? సందుల మేక దూరుతది. లే, పక్కకు లే. ముప్పై ఏండ్లు చేసినవంట మేస్త్రిపని!"

ఆయన లేచాడు. మట్టిచేతులు దులుపుకుంటూ గట్టెక్కి, నా పక్కన నిలబడ్డాడు. కావాలనే అంత చెడ్డగా పేర్చాడా అని అప్పుడడగలేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆ ఆదివారం, ఆ సోమవారం వాళ్లు పనిచేసిన తీరు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. వరుస వరుసకూ సాయమ్మ మడమతో తన్ని చూసింది. పైన మొరం పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పాక ఆమే చెప్పింది, ఇంకోపారి తిప్పమని. తిప్పారు. సోమవారం సాయంత్రానికి ఓవర్సీరు వచ్చి గొడుగు మొనతో నాలుగు చోట్ల పొడిచి చూసి, తలూపి జీపెక్కాడు.

మేస్త్రి చెప్పులు విప్పబోయాడు. సాయమ్మ ఆపింది.

"నీ కాళ్ల సంగతి జూసినం. లోడు లారీ ఆపు."

అల్లం బస్తాలతో వస్తున్న లారీ ఆపారు. చెంబు నింపారు. మేస్త్రి చెంబు ఆమెకివ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేనెందుకు? గుంత నీదాయె. నువ్వే ఎక్కు."

ఆయన ఎన్నడూ ఎక్కలేదు. ఎంతోమందిని ఎక్కించాడు, తను మాత్రం కింద నడిచినవాడే. ఆడవాళ్లు వెనక నుంచి తోసినంత పనిచేస్తే, ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఎక్కాడు. లారీ మొదటి గేరులో కదిలింది. ఇరవైమంది ఊపిరి బిగబట్టి చక్రాల వైపు చూశారు. చక్రాలు ఎక్కడా కుంగలేదు. ఆ చివర లారీ ఆగింది. సాయమ్మ నడిచి వెళ్లి చెంబులో వేలు పెట్టింది. వేలు తగ్గింది. మేస్త్రి ధోవతి మోకాలి దగ్గర తడిసి ఉంది.

"రోడ్డుకు ఒలకలే. నా చేతులు వణికినయి," అన్నాడాయన.

"ఎందుకైతేంది, ధోతి తడిసె!" అని మాణెమ్మ కేక వేసింది. నవ్వులు వాగు అవతలికి వినిపించి ఉంటాయి. ఆ నవ్వుల మధ్య సాయమ్మ ఆయన వైపు చూసి, ఆయన గొంతుతోనే అంది.

"నడువొచ్చు."

నాలుగో రోజు మృగశిర వాన కుండపోతగా కురిసింది. వాగు నిండుగా పారింది. మర్నాడు నా కట్ట మొదటి బస్సులో, వేళకు వచ్చింది.

ఆ తర్వాత నన్ను హైదరాబాదు డెస్కుకు మార్చారు. ఇతరులు రాసిన వార్తల్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగమైంది. మొన్న మేస్త్రి ఇంటివాళ్లను పలకరించి వద్దామని జహీరాబాద్ బస్సెక్కాను. నా ముందు సీట్లోని ఇద్దరు ఆడవాళ్లు కండక్టరును "మేస్త్రి గుంతకు రెండు" అని టికెట్టు అడిగారు. ఇప్పుడక్కడ బస్సు ఆగుతుంది. ఝరాసంగం దిక్కు పల్లెలకు పోయేవాళ్లు అక్కడ దిగుతారు. ఆగినప్పుడు, ఆ దారికి కొత్తగా కనిపించిన ఒక పెద్దమనిషి కిటికీలోంచి తొంగి చూసి, గుంత ఎక్కడయ్యా, రోడ్డు అద్దంలా ఉందే అన్నాడు.

"ఎప్పుడో ఉండెనంట సార్," అన్నాడు కండక్టరు. "ఎవరో మేస్త్రి రోడ్డు సక్కగ ఎయ్యకుంటె లారీ దిగవడ్డదంట. గందుకు ఆయన పేరు వడ్డది."

దిద్దుదామని నోటిదాకా వచ్చింది. ఆ రోడ్డు వాన తర్వాత వాన తట్టుకుని నిలిచిందనీ, నిలబెట్టినవాళ్లెవరో నాకు తెలుసనీ. కానీ ఆయన ఎండలో కర్ర పట్టుకుని నిలబడి, ఒక్కో లారీకి ఒక్కోసారి చెప్పి పంపిన వార్త అది. మా పత్రిక వెయ్యనన్నది. ఇన్నేళ్లకు కూడా చెప్పినది చెప్పినట్టే తిరుగుతోంది, అందులో సాయమ్మ పేరు ఎక్కడా లేదు.

కండక్టరు రైట్ అన్నాడు. నేను దిద్దలేదు.